రంపపు పొట్టు స్పిరిట్టు

అతను నాకంటే ఆరు నెలలు చిన్న. నాలుగో తరగతిలో బడి మానేశాడు. ఇంగ్లీషులో తన పేరు తప్ప మరో ముక్క రాయలేడు. అతని గురించి రాయడం మొదలుపెట్టగానే ఈ మూడు సంగతులే ముందుగా కలంలోంచి జారాయంటే, నా కడుపుమంట ఇంకా చల్లారలేదన్నమాట. చల్లారిందని బుకాయించే ఓపిక కూడా ఇప్పుడు నాకు లేదు.

యుద్ధం జరుగుతున్న రోజులు. నరసరావుపేటలో రైలు స్టేషనుకు కాస్త దూరంలో ఒక కోత మిల్లు, దాన్ని ఆనుకుని కలప అడితి ఉండేవి. రెండింటికీ ఒకే షావుకారు. నల్లమలలో కొట్టిన దుంగలు మాచర్ల నుంచి లారీల్లో వచ్చేవి. నేను అక్కడ గుమస్తాను. వచ్చిన దుంగ లావూ పొడవూ టేపు పెట్టి కొలిచి, కోసిన వైపు సుద్దతో నంబరు వేయడం నా ఉద్యోగం. గుంటూరులో ఇంటర్మీడియట్ చదివాను, కెమిస్ట్రీలో తప్పాను. మిల్లులో నా అంత చదివినవాడు మరొకడు లేడు కనుక, తప్పిన సంగతి మింగేసి, చదివిన సంగతి మాత్రం సందు దొరికినప్పుడల్లా చెబుతుండేవాణ్ణి.

అతను లారీ మేస్త్రీ. అప్పట్లో మెకానిక్కులను అలాగే పిలిచేవాళ్లు. పేటలో పుట్టి పెరిగిన ముస్లిం కుటుంబం వాళ్లది. తండ్రి జట్కా బండ్లకు చక్రాలు కట్టేవాడు. ఇంజను మొరాయిస్తే ఇతను మూత తీయకుండానే చెవి దగ్గర పెట్టి విని, తేడా ఎక్కడుందో చెప్పేసేవాడు. ఎప్పటికైనా తప్పు చెబుతాడేమోనని నేను పనిగట్టుకుని పక్కన నిలబడేవాణ్ణి. నాకు తెలిసి రెండే రెండుసార్లు తప్పు చెప్పాడు. ఆ రెండుసార్లూ నాకు కడుపు నిండా అన్నం తిన్నంత హాయిగా ఉంది.

యుద్ధం వల్ల పెట్రోలుకు కూపన్లు పెట్టారు. ఇచ్చే పెట్రోలు లారీకి గొంతు తడుపుకోవడానికి కూడా చాలేది కాదు. గుంటూరు బస్సుల వెనక బొగ్గు గ్యాసు డబ్బాలు తగిలించి నడిపేవారు. మా షావుకారు కూడా ఒక లారీకి అది పెట్టించి చూశాడు. దుంగల బరువుతో ఆ లారీ గురజాల దాటక ముందే ఆయాసపడి నిలబడిపోయింది. అడితిలో దుంగలు తగ్గిపోతున్నాయి, అడవిలో కొట్టిన కలప కొట్టినట్టే పడి ఉంది. తొలకరి పడితే అడవి దారులు బురదై మూసుకుపోతాయి. షావుకారు ముఖం చూసి పలకరించడానికి అందరూ భయపడేవారు.

రోజూ పొద్దున్నే ఆయనకు పేపరు చదివి వినిపించడం కూడా నా పనే. ఒకనాడు ఒక మూలన నాలుగు వాక్యాలు కనిపించాయి. పరదేశాల్లో రంపపు పొట్టు నుంచి స్పిరిట్టు తీసి మోటారు బండ్లు నడుపుతున్నారట. చదివి ఊరుకుంటే సరిపోయేది. ఊరుకుంటే నేను నేనెలా అవుతాను? తప్పిన కెమిస్ట్రీ అంతా ఆ అరుగు మీద ఒలకబోశాను. కర్రను యాసిడ్ కలిపిన నీళ్లలో ఆవిరి పెట్టి ఉడికిస్తే అందులోంచి చక్కెర ఊరుతుంది. ఆ నీళ్లలో యాసిడ్‌ను సున్నంతో విరిచి, పులియబెట్టి, బట్టీ పడితే స్పిరిట్టు. మిల్లు వెనక మనిషి ఎత్తున పేరుకుపోయిన పొట్టు గుట్టను చూపించి, "మన పెట్రోలు బావి అదేనండీ" అన్నాను.

షావుకారు కళ్లు మెరిశాయి. అరుగు కింద చక్రం బిగిస్తున్న మేస్త్రీ వైపు తిరిగి, "ఒరేయ్, చెయ్యగలవా?" అన్నాడు.

చెప్పింది నేను. అడిగింది అతణ్ణి. నా చేతిలో పేపరు ఇంకా మడవలేదు.

"చూద్దాం దొరా. గుమస్తా పుస్తకం మాట చెబుతా ఉంటే నేను చేతి పని చేస్తా," అన్నాడతను. నన్ను కలుపుకుని మంచిగానే అన్నాడు. అదే నాకు ఇంకా మండింది.

షావుకారు అందరూ వినేలా ఒక మాట ఇచ్చాడు. ఆ స్పిరిట్టుతో లారీ మాచర్ల వెళ్లి, దుంగలు వేసుకుని తిరిగి వస్తే, ఆ పని సాధించినవాణ్ణి తన ఖర్చుతో మద్రాసు పంపి ఏడాదిపాటు ఇంజినీరింగు బడిలో చదివిస్తాడు. గడువు తొలకరి. మద్రాసు నాకు రోజూ కలలోకి వచ్చే ఊరు. ఇంటర్మీడియట్ తప్పినవాడు మళ్లీ తల ఎత్తుకోవాలంటే అంతకంటే దారి లేదు. ఆ దారి నా నోటితోనే తెరిచి, నా కళ్లెదుటే ఇంకొకడికి చూపించారు.

వారం తిరక్కుండా అతను సరంజామా సిద్ధం చేశాడు. పాడైన బ్యాటరీల్లోంచి సీసం పలకలు తీసి కరిగించి, ఇనప పీపా లోపల పూత పోశాడు, యాసిడ్ ఇనుమును తినకుండా. కోత మిల్లు బాయిలరు నుంచి గొట్టం వేసి పీపాలోకి ఆవిరి పెట్టాడు. యాసిడ్ బ్యాటరీ గదిలోదే. ఉడికిన పొట్టును గోనెపట్టాలో వడగట్టాడు. ఎర్రమట్టి నీళ్ల రంగులో పులుసు దిగింది. నేను పక్కన చేతులు కట్టుకుని నిలబడి, అడిగినదానికి ముక్తసరిగా జవాబు చెప్పేవాణ్ణి. మనసులో మాత్రం పీపా పగలాలని మొక్కుకునేవాణ్ణి.

"యాసిడ్ చచ్చిందో లేదో రంగు మారి చెప్పే కాగితాలు ఉంటయ్యంట గదా, నీ దగ్గరున్నయ్యా?" అని అడిగాడు.

కాలేజీ నుంచి తెచ్చుకున్న లిట్మస్ పుస్తకం నా ట్రంకు పెట్టెలో ఉంది. "లేవు," అన్నాను.

పులియబెట్టడానికి ఈస్టు కావాలి. పేటలో ఈస్టు ఎవరు అమ్ముతారు? కల్లు మడ్డి అయితే పనికొస్తుందని కూలీలెవరో అన్నారు. మాది తాళ్లు గీసే ఇల్లు. పేటకు మూడు మైళ్ల దూరంలో మా ఊరు. నాన్న చెట్లెక్కి గీస్తాడు, అమ్మ ముంతలు కడిగి, కల్లు దుకాణానికి చేరవేస్తుంది. మిల్లులో మాత్రం మాకు కాస్త పొలం ఉందనీ, నాన్న సేద్యం చేస్తాడనీ చెప్పుకుని తిరుగుతున్నాను. కల్లు మడ్డి అంటే ఏమిటో తెలియనట్టు ముఖం పెట్టి దుంగల వైపు వెళ్లిపోయాను.

సాయంత్రానికి అతను ముంత నిండా మడ్డితో తిరిగొచ్చాడు. ఎదురుగా పదిమంది ఉండగా, నవ్వుతూ, "మడ్డి ఇచ్చింది మీ అమ్మంట గదా గుమస్తా! చెప్పవేంది? చానా మంచి మనిషి. నాకు మజ్జిగ కూడా ఇచ్చింది," అన్నాడు.

అతనికి నా సేద్యం కథ తెలియదు. తెలిసి అనలేదు. కానీ అక్కడున్న పదిమందిలో నలుగురు పళ్లు ఇకిలించారు. ఆ నవ్వు ఖర్చంతా నేను అతని పేరనే రాసుకున్నాను.

ఇంటికి వెళితే అమ్మ అన్నం పెడుతూ అదే పాట. "ఎంత మర్యాదస్తుడురా ఆ అబ్బాయి! పిన్నమ్మా అన్నాడు. గడప బయటే నిలబడి అడిగాడు. కల్లు నోట పెట్టడంట, అయినా మడ్డి ముంత ఎంత జాగ్రత్తగా పట్టుకున్నాడనుకున్నావు." నేను మజ్జిగ వేసుకోకుండా లేచిపోయాను. ఆ ఇంట్లో నన్ను మెచ్చుకోవడానికి ఉన్న ఒక్క మనిషిని కూడా అతను ఒక్క పూటలో పట్టుకుపోయాడనిపించింది.

ఆ పులుసు పోసిన మొదటి తొట్టి పులవలేదు. మడ్డి వేసి మూడు రోజులు చూశారు. మామూలుగా పూట తిరక్కుండా నురగ కట్టాలి. పులుసు ఎలా పోసింది అలాగే ఉంది, చలనం లేదు. నేను చాలా విచారంగా ముఖం పెట్టాను. ఆ రోజు మిల్లు నుంచి ఇంటికి నడిచిన మూడు మైళ్లూ ఈల వేస్తూ నడిచాను.

రెండో తొట్టీ అంతే.

అది శుక్రవారం. అతను మసీదుకు నమాజుకు వెళ్లాడు. తొట్టి దగ్గర ఎవరూ లేరు. నేను వేలు ముంచి నాలుక మీద రాసుకున్నాను. నాలుక చుర్రుమంది. తాంబూలంలో సున్నం ఎక్కువైతే ఎలా పొక్కుతుందో అలా పొక్కింది. అప్పుడు నాకు అంతా అర్థమైపోయింది.

బ్యాటరీ గదిలో యాసిడ్ ఒలికితే మేస్త్రీలు ఏం చేస్తారు? సున్నం గుప్పిస్తారు. ఎంత ఎక్కువ పోస్తే అంత మంచిది, మిగిలితే ఊడ్చి పారేస్తారు. అతనికి తెలిసిన పద్ధతి అది. అందుకే పిడుగురాళ్ల సున్నం, మంచి ఘాటు సున్నం, బుట్టలతో తెచ్చి పులుసులో గుమ్మరించాడు. యాసిడ్ ఒక్క చుక్క మిగిలినా లారీ ఇంజను తినేస్తుందని అతని భయం. కాబోయే సారా కనుక నోట పెట్టి చూడడు. చూస్తే తెలిసేది. వాసన చూసి ఊరుకునేవాడు.

నాకు మాత్రం ఏ పుస్తకమూ అక్కర్లేదు. పదేళ్ల వయసు నుంచి మా ఇంట్లో ముంతలకు సున్నం పూసింది నేనే. తాటి బెల్లం వండాలంటే చెట్టు మీద కల్లు పులవకూడదు. అందుకని ముంత లోపల తాటి పీచుతో సున్నం పూసి కడతారు. పొద్దెక్కి దింపినా తియ్యగానే ఉంటుంది. సున్నం ఉన్నచోట పులుపు పుట్టదు. మా ఇంట్లో ఆ సంగతి తెలియని మనిషి లేడు. కెమిస్ట్రీ పరీక్షలో తప్పినవాడికి ఆ తొట్టి గుట్టు ఇంటి చదువుతో తెలిసింది.

నమాజు నుంచి వచ్చి అతను నా పక్కనే బల్ల మీద కూర్చున్నాడు. కళ్లు లోపలికి పోయాయి. యాసిడ్ మరకలతో చేతి వేళ్ల మీద చర్మం లేచిపోయి ఉంది.

"ఏమై ఉంటది గుమస్తా? నువ్వు చదివినోడివి, చెప్పు," అన్నాడు.

రెండు మాటలు. సున్నం తగ్గించు. అంతే చెప్పాలి. నాలుక ఇంకా మండుతూనే ఉంది. చెబితే లారీ నడుస్తుంది, అతను మద్రాసు వెళ్తాడు. పైగా ఎలా తెలిసిందంటే మా ఇంటి ముంతల కథ చెప్పాలి. చెప్పకపోతే ఇంకో రెండు వారాల్లో తొలకరి.

"మడ్డి మంచిది కాదేమో. పాతబడిందేమో," అన్నాను.

అనేశాక గానీ ఆ మడ్డి ఎవరిదో నాకు తట్టలేదు. తట్టినా వెనక్కి తీసుకోలేదు.

మూడో తొట్టికి తాజా మడ్డి కావాలని అతను మళ్లీ మా ఇంటికి వెళ్లాడు. ఎంత నొచ్చుకోకుండా అడిగాడో ఏమో, అమ్మకు మాత్రం తలకొట్టేసినట్టయింది. ఆ పూట నేను ఇంటికి చేరేసరికి వాకిట్లో గిరగిర తిరుగుతోంది. "నా మడ్డి పొంగకపోవడమేంది? ముప్పై ఏళ్లుగా ఇస్తన్నా, ఒక్కడు పేరు పెట్టలా. ఎవడన్నాడ్రా ఆ మాట?" అని నన్నే అడిగింది. నేను చెంబు అందుకుని కాళ్లు కడుక్కోవడానికి వెళ్లాను.

మర్నాడు పొద్దున్నే మిల్లులోకి అమ్మ నడిచి వచ్చింది. చీర చెంగు నడుముకు బిగించి, నెత్తిన మడ్డి ముంత పెట్టుకుని, దుంగల మధ్య నుంచి తిన్నగా తొట్టి దగ్గరికి. టేపు పట్టుకుని ఒక దుంగ వెనక్కి జరగబోయాను. "ఒరేయ్, నువ్వు కూడా ఇట్రా," అంది.

"ఏది నాయనా, నా మడ్డి చచ్చిన తొట్టి?" అని మేస్త్రీని అడిగింది.

అతను మూత తీశాడు. అమ్మ వంగి వాసన చూసింది. వేలు ముంచి నాకింది. వెంటనే పక్కకు తిరిగి ఉమ్మేసింది.

"నీ ఇల్లు బంగారం గానూ! ఇందులో సున్నం ఎంత పోశావు?"

"రెండు బుట్టలు పిన్నమ్మా. యాసిడ్ చావాల గదా."

"యాసిడ్ సంగతి నాకు తెలవదు. ముంతకు ఏలెడు సున్నం పూస్తేనే చెట్టు మీద కల్లు పులవకుండా ఆగుద్ది. బెల్లానికి మేం చేసేది అదే గదా. నువ్వు బుట్టలకు బుట్టలు పోస్తే నా మడ్డి ఏం జేసుద్ది పాపం? నాలిక్కి వగరు తగిలీ తగలనట్టు ఉండాల. ఆడికి ఆపాల."

మేస్త్రీ నోరు తెరుచుకుని వింటున్నాడు. కూలీలు రంపం ఆపి చుట్టూ మూగారు. అమ్మ కోపం అప్పటికే దిగిపోయింది. చీర చెంగుతో వేలు తుడుచుకుంటూ మామూలుగా, చాలా మామూలుగా అడిగింది.

"అది సరే, మావాడు నీకు చెప్పలేదా? చిన్నప్పటి నుంచి ముంతలకు సున్నం పూసింది వాడే. ఏరా, చెప్పలేదా?"

నేను నేల చూశాను. అక్కడ రంపపు పొట్టు తప్ప ఏమీ లేదు. అతను నా వంక చూస్తున్నాడని మాత్రం తెలుస్తోంది. మూత తీయకుండా ఇంజను గుట్టు కనిపెట్టే మనిషికి నా గుట్టు కనిపెట్టడానికి ఎంతసేపు పడుతుంది? లిట్మస్ కాగితాలు, పాతబడిన మడ్డి, రెండు తొట్లు, అన్నీ ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుని లెక్క తేల్చేసి ఉంటాడు. ఇప్పుడు నోరు తెరుస్తాడు. అయిపోయింది.

"చెప్పాడు పిన్నమ్మా," అన్నాడతను. "రెండుసార్లు చెప్పాడు. నేనే ఇనలా."

"చదువుకున్నోడు చెబితే ఇనాల నాయనా!" అని అమ్మ అందుకుంది. "వాడు ఊరికే చెబుతాడా? ఎన్ని రోజులు పోగొట్టుకున్నావో చూడు." అతను తల వంచుకుని, "తప్పయింది," అన్నాడు. అమ్మ ఇంకో నాలుగు చీవాట్లు పెట్టింది. అన్నీ నిలబడి తిన్నాడు. నావి కూడా అతనే తిన్నాడు.

నాకు అప్పుడు కలిగింది కృతజ్ఞత అని రాస్తే బాగుంటుంది. కలగలేదు. ఇంకో మెట్టు పైకెక్కి కూర్చున్నాడనే మంటే కలిగింది. పని చేతనవుతుంది, మర్యాద చేతనవుతుంది, ఇప్పుడు ఇది కూడానా అనిపించింది.

మూడో తొట్టికి అమ్మ దగ్గరుండి నాలుకతో చూసి సున్నం ఆపించింది. మధ్యాహ్నానికి నురగ లేచింది. మర్నాటికి తొట్టి బుసబుస పొంగి, కోత మిల్లంతా కల్లు దుకాణం వాసన కొట్టింది. అబ్కారీ వాళ్ల అనుమతి కాగితం షావుకారు ముందే తెప్పించి పెట్టాడు కనుక ఎవరూ అడ్డు రాలేదు. మూడుసార్లు బట్టీ పట్టాక వచ్చిన స్పిరిట్టును మేస్త్రీ చిప్పలో పోసి అగ్గిపుల్ల గీశాడు. నీలం మంట, పొగ లేదు. కూలీలు అరిచారు. నేను కూడా అరవాల్సి వచ్చింది.

సరిపడా స్పిరిట్టు కూడబెట్టాక, తొలకరికి నాలుగు రోజుల ముందు లారీ మాచర్ల బయలుదేరింది. మేస్త్రీ కార్బురేటరు రంధ్రం పెద్దది చేశాడు. స్టార్టు అవడానికి రెండు చెంచాల పెట్రోలు, తర్వాత అంతా పొట్టు స్పిరిట్టే. అతను నడిపాడు, పక్కన షావుకారు, వెనక ఖాళీ లారీలో కూలీలతో నేను. దారి పొడుగునా నా చెవులు ఇంజను మీదే ఉన్నాయి. పిడుగురాళ్ల దాటాక ఒకచోట టకటకమని దగ్గి ఆగిపోయింది. నా ప్రాణం లేచొచ్చింది. అతను దిగి, ఏదో విప్పి, నోటితో ఊది, మళ్లీ బిగించాడు. లారీ కదిలింది. నేను మళ్లీ కూలబడ్డాను. సాయంత్రం అయిదు గంటలకు దుంగల బరువుతో పేటలోకి తిరిగొచ్చింది. స్టేషను దగ్గర జనం మూగి చూశారు. లారీ పొగ గొట్టం దగ్గర వాసన చూసి నవ్వుకున్నారు.

అయితే ఈ లోపల అమ్మ ఊరుకుందా? కనిపించినవాళ్లందరికీ చెప్పింది. సున్నం కిటుకు మావాడిదే, మేస్త్రీ ముందు వినలేదు, విన్నాకే పొంగింది. తాను వేలు పెట్టి నాకిన సంగతి కూడా మరిచిపోయి, అంతా నా ఖాతాలోనే వేసేసింది. ఆ మాట చేరాల్సిన చోటికి చేరింది. రెండు రోజుల తర్వాత షావుకారు మా ఇద్దరినీ అరుగు దగ్గరికి పిలిచాడు.

"సున్నం సంగతి నువ్వు చెప్పావంట గదా?" అని నన్ను అడిగాడు.

మేస్త్రీ నా పక్కనే ఉన్నాడు. నూనె గుడ్డతో వేళ్లు తుడుచుకుంటున్నాడు. కాదని చెప్పడానికి నాకు అడ్డం ఎవరూ లేరు. ఒక్క మాటతో తేలిపోయేది.

"అవునండీ," అన్నాను.

షావుకారు తల ఆడించాడు. "పొట్టు సంగతి మొదట చెప్పిందీ నువ్వే. ఇంగ్లీషు వచ్చినోడివి, అక్కడ పాఠాలు ఎక్కుతయ్. నువ్వే పో మద్రాసు." మేస్త్రీ వైపు తిరిగి, "నువ్వు పోతే ఈ లారీలు ఎవడు చూస్తాడ్రా?" అన్నాడు.

"నిజమే దొరా," అన్నాడు మేస్త్రీ. గుడ్డ భుజాన వేసుకుని లారీ దగ్గరికి వెళ్లిపోయాడు. ఆ పూటంతా అతని ముఖంలోకి చూడకుండా దుంగలు కొలిచాను. కొలతలన్నీ తప్పులే వచ్చాయి.

మద్రాసు వెళ్లే రోజు పొద్దుటి బండికి అమ్మ స్టేషనుకు వచ్చింది. నాన్న చెట్ల మీద ఉన్నాడు, రాలేదు. మేస్త్రీ వస్తాడని నేను అనుకోలేదు. వచ్చాడు. నా ట్రంకు పెట్టె అడగకుండానే భుజానికి ఎత్తుకున్నాడు. అందులోనే లిట్మస్ పుస్తకం ఉంది. అమ్మ నా మరచెంబులో నీళ్లు పట్టుకొస్తానని కుళాయి దగ్గరికి వెళ్లింది. మేమిద్దరమే మిగిలాం. ఇప్పుడు అడగకపోతే ఇక అడగలేను.

"ఆ రోజు అమ్మతో ఎందుకు అలా చెప్పావు?" అన్నాను.

పెట్టె కింద దించి, భుజం దులుపుకున్నాడు. "నీ కోసం అనుకున్నావా ఏంది?" అన్నాడు.

నిజానికి అలాగే అనుకున్నాను. ఇన్నాళ్లూ మనసులో ఎంత మండుతున్నా, ఒక మూల మాత్రం అతను నన్ను గౌరవించాడనీ, చదువుకున్నవాణ్ణని కాపాడాడనీ ఒక ముచ్చట దాచుకున్నాను.

"నీ సంగతి నాకు ఆ క్షణాన్నే తెలిసిపోయింది. పట్టుకుని నాలుగు తగిలిద్దామనే అనుకున్నా," అన్నాడు. గొంతులో కోపం లేదు. అదే గొంతుతో ఇంజను సంగతి కూడా చెబుతాడు. "కానీ మీ అమ్మ అడిగేసి నీ వంక చూసింది గదా. చెప్పే ఉంటావులే అన్నట్టు చూసింది. అనుమానం కూడా లేదు ఆ మనిషికి. నువ్వు తల దించుకున్నావు, నీకు కనపడలా. నాకు కనపడింది. ఆ ముఖం పెట్టుకున్న మనిషికి కాదని ఎట్టా చెప్పేది?"

ఈ లోపల అమ్మ మరచెంబుతో వచ్చేసింది. అతను పెట్టె లోపల పెట్టి దిగాడు. బండి కదిలింది. కిటికీలోంచి చూస్తే అమ్మ ఏడుస్తూ అతనితో ఏదో చెబుతోంది, అతను వంగి వింటున్నాడు. మద్రాసు నాది, లారీ నడిపించిన పేరు నాది, ఊరంతా అమ్మ చెప్పిన గొప్ప నాది. అయినా ఆ ప్లాట్‌ఫారం మీద నిలబడినవాణ్ణి చూసి నాకు కుళ్లు ఆగలేదు. ఇరవై మూడేళ్లు ఆ ఇంట్లో ఆమె చేతి అన్నం తిన్నది నేను. ఆ రోజు ఆమె నన్ను ఎలా చూసిందో చూసింది అతను.